సుందరమ్మకు నేను వేసిన సున్నా

1946 జూన్‌లో నరసరావుపేటలోని ఆడవాళ్ళ ట్రైనింగ్ స్కూల్లో, అంటే టీచర్లను తయారుచేసే బడిలో, సైకాలజీ చెప్పడానికి చేరాను. మైసూరులో ఆ చదువు ముగించుకొచ్చి అప్పటికి రెండేళ్ళు. మా నాన్న గురజాలలో మిషన్ బడి పంతులు. మనసు గురించి చదివితే ఏ కచేరీలో ఉద్యోగమిస్తారని నన్ను రైలెక్కించిన రోజే అడిగాడు. నాకూ తెలియదు. మగవాళ్ళకైతే కాలేజీ లెక్చరరు పనో, పటాలంలో ఆఫీసర్లను ఎంపికచేసే పనో దొరికేది. నాకు రెండేళ్ళూ ఏదీ దొరకలేదు. అందుకే ఆ బడివాళ్ళు పిలిచినప్పుడు, ఏం చెయ్యమంటే అది చెయ్యడానికి సిద్ధపడే వెళ్ళాను.

ఆ ఏడు ఇరవై సీట్లకు ఇరవైఆరుమంది వచ్చారు. ప్రిన్సిపాలమ్మగారు నన్ను గదిలోకి పిలిచారు. ఇంటెలిజెన్స్ టెస్టులు నేర్చుకుని వచ్చావు కదా, ఎవరిని తీసుకోవాలో నువ్వే తేల్చు, మనమీద మాట రాకుండా ఉంటుంది అన్నారు. ఆ టెస్టంటే కొన్ని బొమ్మలు చూపించి, ప్రశ్నలు అడిగి, జవాబులకు మార్కులేసి మనిషి తెలివి ఎంతో తేల్చడం. ఇంగ్లండు నుంచి వచ్చిన పుస్తకం నా పెట్టెలో ఉంది. ప్రశ్నలు నేనే తెలుగులోకి మార్చాను. బొమ్మల జోలికి పోలేదు. నా చదువుకు ఇన్నాళ్ళకు ఒక పని దొరికిందని గర్వపడ్డాను కూడా.

సుందరమ్మ వెల్దుర్తి నుంచి వచ్చింది. పంతొమ్మిదేళ్ళ పిల్ల. ఎనిమిదో తరగతి పాసైంది. తండ్రి నాపరాళ్ళ క్వారీలో కూలి. ఊరి బయట వాళ్ళ పల్లెలో బడి లేదు. ప్రార్థన చేసుకునే పాకలోనే పదిహేనుమంది పిల్లల్ని కూర్చోబెట్టి ఆమె చదువు చెప్పేది. ఆ సంగతి వాళ్ళ పాస్టరుగారు ఉత్తరంలో రాశారు. ఆ ఉత్తరం నేను చదివి పక్కన పెట్టాను.

ఒక బొమ్మలో బల్లమీద పళ్ళెం, చాకు, గాజు గ్లాసు ఉంటాయి. అందులో ఏం లేదో చెప్పాలి. సుందరమ్మ ఆ బొమ్మను చాలాసేపు చూసింది.

“అన్నం లేదమ్మగారూ” అంది.

పుస్తకంలో ఉన్న జవాబు ఫోర్కు. అదీ తప్పేమీ కాదనిపించింది. కానీ పుస్తకంలో లేని జవాబుకు మార్కు వెయ్యకూడదని మైసూరులో మా ప్రొఫెసరుగారు పదేపదే చెప్పేవారు. సున్నా వేశాను. తర్వాత బొమ్మలో ఇంటికి పొగగొట్టం లేదు. వాకిట్లో మనుషుల్లేరని ఆమె చెప్పింది. దానికీ సున్నా వేశాను. మార్కులన్నీ కూడి, పక్కన ‘డల్’ అని రాసి సంతకం పెట్టాను.

మర్నాడు ప్రిన్సిపాలమ్మగారు ఫలితాలు అందరిముందూ చదివారు. డల్ అంటే మందబుద్ధి అని విడమర్చి మరీ చెప్పారు. సుందరమ్మ తల ఎత్తలేదు. బట్టల మూట తీసుకుని తండ్రి వెనకాలే వెళ్ళిపోయింది.

డిసెంబరులో నన్ను వెల్దుర్తి వైపు బళ్ళు చూసి రమ్మన్నారు. ఆ పల్లెకు వెళ్ళి పాకలోకి తొంగిచూస్తే పిల్లలెవరూ లేరు. సుందరమ్మ క్వారీలో రాళ్ళు మోస్తోందని చెప్పారు. అక్కడికే వెళ్ళాను. నన్ను చూసి తట్ట దించి దణ్ణం పెట్టింది. నిష్ఠూరమాడుతుందనుకున్నాను. ఆడలేదు.

“ఆ పళ్ళెం బొమ్మలో లేంది ఏందమ్మగారూ? చానా రోజులు ఆలోచించా. తట్టలా.”

“ఫోర్కు. దొరలు తినేటప్పుడు వాడే ముళ్ళ చెంచా.”

“అట్టాంటిది నేనెప్పుడూ చూళ్ళా” అని మళ్ళీ తట్ట ఎత్తుకుంది.

జరిగిందంతా తండ్రి చెప్పాడు. ఆమె తిరిగొచ్చిన వారంలోనే పిల్లల్ని పంపడం మానేశారట.

“పేట బడోళ్ళే బుర్ర లేదని రాసినాక, ఎవురు పంపుతారమ్మా?” అన్నాడు.

ఆ సాయంత్రం పల్లె పెద్దల్ని పాక దగ్గర కూర్చోబెట్టి, తప్పు సుందరమ్మది కాదని, నాదేనని చెప్పాను. మర్యాదగా విన్నారు. ఒక ముసలాయన ఆ మాటే కాగితం మీద రాసిస్తారా అని అడిగాడు. పంపిస్తానని మాటిచ్చాను.

పేటకు రాగానే సుందరమ్మ ఫలితం కొట్టేయమని ప్రిన్సిపాలమ్మగారిని అడిగాను. ఆవిడ ఫైలు తీసి నా సంతకం నాకే చూపించారు.

“ఇదొక్కటి తప్పంటే ఇరవైఆరూ తప్పే. ఇక నువ్వెందుకిక్కడ?” అన్నారు నెమ్మదిగా.

నేను బయటికి వచ్చేశాను. స్కూలు ముద్ర లేకపోయినా నా చేతిరాతతో నాలుగు ముక్కలు రాసి పంపి ఉండొచ్చు. అది ఆవిడ దాకా వస్తే నా పని పోతుందని భయపడ్డాను. ఇవాళ, రేపు అనుకుంటూ రాయనే లేదు. తర్వాత మూడేళ్ళు అదే బడిలో అదే టెస్టు పెట్టాను. బొమ్మలు మాత్రం మార్చాను.

సైకాలజీ చదివితే ఏ ఉద్యోగాలొస్తాయని ఇప్పుడు పిల్లలు నన్ను అడుగుతుంటారు. బళ్ళలో, ఆస్పత్రుల్లో, ఫ్యాక్టరీల్లో వస్తాయని చెబుతాను. ఎక్కడ చేరినా ఎదుటి మనిషి గురించి ఒక మాట రాయమంటారని, ఆ మాట ఆ మనిషితోపాటే ఇంటిదాకా వెళుతుందని కూడా చెబుతాను. రాసింది తప్పని తెలిసినప్పుడు ఉద్యోగం పోయినా సరే దిద్దాలి. సుందరమ్మ వల్ల నాకు తెలిసింది ఇదే. తెలిసి కూడా నేను దిద్దలేదు. వెల్దుర్తికి మళ్ళీ వెళ్ళలేదు.