మా మామ కలపని ట్రాక్టరు

మా మేనమామ పోయాడన్న మాట నాకు తిరుమలగిరి అంగట్లో తెలిసింది. మేకను అమ్ముదామని పోయి బేరమాడుతున్నాను. మా ఊరాయన వచ్చి, "మీ మామ కాలం జేసిండు, నడువు" అన్నాడు. దగ్గుతో మంచం పట్టిన మనిషి ఎంతోకాలం ఉండడని తెలుసు. తెలిసినా బేరం సగంలో వదిలి, మేకను తోలుకుని వెనక్కి నడిచాను.

మీరు ఆయన్ని ఎరగరు. ఎరిగిన మా ఊరే సరిగ్గా ఎరగలేదు.

మామ పట్నంలో మోటారు షెడ్డులో పనిచేసి వచ్చినవాడు. ముక్కోపి. విప్పిన బోల్టులను గోనెపట్టా మీద వరస తప్పకుండా పరిచేవాడు. ఎవరైనా దాటబోతే, "ఆకుల ఒడ్డించిన బువ్వ దాటుతవార?" అని కసిరేవాడు. చేతులు బూడిదతో ఎంత రుద్ది కడిగినా అత్తకు గ్యాసునూనె వాసనే వచ్చేది. "నీ చేతి ముద్ద కుక్క గూడ ముట్టది" అనేది. ఆయన నవ్వి ఆ ముద్దే ఆమె పళ్లెంలో పెట్టేవాడు.

ఊళ్లో ట్రాక్టరు దొర ఒక్కడికే ఉండేది. గుట్ట కింది ఎర్రచెలకను మేం కొన్ని ఇళ్లవాళ్లం రాళ్లేరి సాగులోకి తెచ్చుకున్నాం. పోయినేడు జొన్న బెత్తెడు మొలిచాక, ఆ భూమి తనదేననీ, చేను దున్నిపారేస్తాననీ దొర కబురు పెట్టాడు. మొలిచిన చేను మీద అరక కట్టడం మావైపు పాపం. ఏ రైతూ ఒప్పుకోలేదు. అందుకే దొర ట్రాక్టరు తీయించాడు. అది దొర ఉండే గడి వాకిట్లోనే క్లచ్చి పోయి ఆగింది. మామను పిలిచారు. పోకపోతే ఆయన వీపు పగులుతుంది, పోతే మా కడుపులు మాడతాయి. ఆయన పోయాడు. ఊరు దుమ్మెత్తిపోసింది.

క్లచ్చి బాగుచెయ్యాలంటే ట్రాక్టరును నడిమికి రెండుగా విడదీయాలి. ఇంజను సగం ఒరగకుండా మామ మొద్దులు పెట్టాడు. పెద్ద చక్రాల సగాన్ని మాచేత వెనక్కి దొర్లించాడు. వెట్టికి పట్టుకొచ్చిన వాళ్లలో నేనూ ఉన్నాను. కొత్త క్లచ్చి ప్లేటు వేశాక రెండు సగాలనూ మళ్లీ దగ్గరికి తేవాలి. వెనుక సగంలోంచి పొడుచుకొచ్చే కడ్డీ ఆ ప్లేటు నడిమి పళ్లలో దిగాలి. దిగకుండా బోల్టులు బిగిస్తే పోత ఇనుము పగిలిపోతుంది.

గడ్డపారతో తోస్తున్న నా చేతికి తెలిసింది. కడ్డీ మెత్తగా దిగింది. అంచులు కలిశాయి. మామ నావైపు చూశాడు. తర్వాత చక్రం పట్టి జానెడు వెనక్కి గుంజాడు.

"కూసుంటలేదయ్యా" అన్నాడు, నీడన కుర్చీలో ఉన్న దొర గుమాస్తాతో.

"బోల్టులు బిగియ్, గదే కూసుంటది."

"పగులుతదయ్యా."

గుమాస్తా ఆయన డొక్కలో తన్నాడు. మర్నాడూ అదే మాట, అదే తన్ను. ఇంటికి నడుస్తూ మామ నాతో అన్నాడు: "జబర్దస్తీ మనుషుల మీద నడుస్తది అల్లుడా, ఇనుము మీద నడ్వది. నువ్వు నోరిప్పకు. గింజలు ఇంటికి రానీ."

దొరల మీద జనం తిరగబడి ఊళ్లన్నీ గడబిడగా ఉన్న రోజులు. పట్నం నుంచి ఇంకో మిస్త్రీ రాలేదు. జొన్న మోకాలెత్తు లేచింది, కంకి వేసింది. "పట్నంల నేర్చింది గింతేనా?" అని ఊరంతా ఎగతాళి చేసింది. "ఇజ్జత్ దీస్తివి" అని అత్త ఏడ్చింది. దొర ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఆయన అసలు మాట బయటపెట్టలేదు, నన్నూ పెట్టనివ్వలేదు. గింజలు మా ఇళ్లకు వచ్చాయి. ఆ తన్నులతో పట్టిన దగ్గు మాత్రం ఆయన్ని విడవలేదు. నా పిల్లలు ఆ ఏడు తిన్న ప్రతి ముద్దా మామ పెట్టిందే.

ఈమధ్యే దొర గడికి తాళం వేసి పట్నం పారిపోయాడు. అప్పటికే మామకు స్పృహ తప్పింది. పాడె మోస్తూ కూడా ఒకాయన, "మంచోడే, పనితనమే లేకపాయె" అన్నాడు.

మూడోనాడు మామ పేరున పిట్టకు, అంటే కాకికి, పెట్టాం. అత్త జొన్నరొట్టె ఆకులో పెట్టింది. కాకి చెట్టు దిగలేదు. పోయినవాళ్ల మనసులో ఏదైనా ఉండిపోతే ముట్టదంటారు. "నీ పెండ్లాన్ని మేం సూసుకుంటం" అని పెద్దలు మామకు మాటిచ్చారు. అయినా దిగలేదు. నేను ఆగలేకపోయాను.

"మామా, అది కూసున్నది. నా చేతులల్లనే కూసున్నది. మా చేను కోసం నువ్వే ఎనుకకు గుంజినవ్" అన్నాను, అందరూ వినేటట్టు.

చెలకలో చేనున్నవాళ్లంతా తలలు దించుకున్నారు. అత్త ఆకు ముందు చతికిలబడింది.

"నాకైన జెప్పద్దా?" అని కసిరింది, ఆయన ఎదురుగా ఉన్నట్టే. తర్వాత రొట్టెను చిన్న చిన్న ముక్కలుగా తుంచి, ఒక్కొక్కటే ఆకు మీద పెడుతూ కూర్చుంది. కాకి దిగుతుందేమోనని చెట్టు వైపు ఇక ఎవరూ చూడటం లేదు.