ఎడమ స్పీకరు

దోన్ ఫెర్మీన్ చేత కారు రేడియో బాగు చేయించుకోవాలంటే ముందు కోర్టు బోనెక్కినట్టు ఆయన ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పుకోవాలి. ఆ తర్వాత ఆయన్ని కార్లో ఎక్కించుకుని ఊరు తిప్పాలి. ఈ రెండూ కానిదే ఆయన స్క్రూడ్రైవరు ముట్టుకోడు. వియ్యారికా ఊళ్ళో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. ఆయన మరమ్మతు షెడ్డు పక్కనే చీపా రొట్టెలు అమ్ముకునే న్యా బ్లాసిదాకైతే మరీ బాగా తెలుసు. పొద్దస్తమానం ఆ ప్రశ్నలు చెవిన పడేది ఆవిడకే.

"బ్యాటరీ మార్పించాక రేడియో మూగబోయిందయ్యా," అంటూ ఒకాయన వచ్చాడు.

"ఎవరు మార్చారు?"

"మా బావమరిది."

"అతనికీ నీకూ మాటలున్నాయా?"

బ్లాసిదాకు ఒళ్ళు మండింది. "రేడియోకి జబ్బు చేస్తే బావమరిది గొడవెందుకు ఫెర్మీన్? సంబంధం చూస్తున్నావా?"

"మాటలుంటే వెళ్ళి అతన్నే అడిగేవాడు కదండీ, ఏ తీగ ఎక్కడ వదిలేశాడో! నా దాకా రావడమెందుకు?"

ఆ ఊళ్ళో సగం కార్లు జపానులో వాడి వదిలేస్తే ఓడెక్కి వచ్చినవే. స్టీరింగునైతే కుడి నుంచి ఎడమకు మార్చారు గాని, దారి చెప్పే యంత్రంలోని ఆడగొంతుకు మాత్రం జపాను భాష తప్ప మరోటి రాదు. ఒకసారి ఒక టీచరమ్మ లబోదిబోమంటూ వచ్చింది.

"బజారుకెళ్తుంటే మ్యాపులో నన్ను సముద్రం మధ్యలో చూపిస్తోంది! మన దేశానికి సముద్రమే లేదు కదా!"

"ఆ గొంతు ఎక్కువగా ఎప్పుడు మాట్లాడుతుంది? మీరు నడిపేటప్పుడా, మీ ఆయన నడిపేటప్పుడా?"

"ఆయన నడిపేటప్పుడే."

"కోపంగానా?"

"నాకేం తెలుసు? తిడుతోందో, పొగుడుతోందో!"

ఊరు చుట్టి వచ్చాక ఫెర్మీన్ కొత్త మ్యాపు ఎక్కించి, ఆ గొంతుకు స్పానిష్ నేర్పాడు. టీచరమ్మ మొగుడు మాత్రం పాత భాషే హాయిగా ఉండేదన్నాడు.

ఆ వేసవిలో టాక్సీ నడిపే దోన్ అనస్తాసియో వచ్చాడు. పెద్దాయన. ముక్కు మీద కోపం. షెడ్డు నీడన చల్లటి తెరెరే తాగుతున్న తోటి డ్రైవర్లు కాస్త సర్దుకుని కూర్చున్నారు.

"ఎడమ స్పీకరు చచ్చింది. చూడు," అన్నాడు. "ఈ ఊరి మోటారుసైకిళ్ళ వాళ్ళకి హారన్లు కూడా చచ్చాయి. నిన్న ఒకడు ఎడమ పక్క నుంచి చప్పుడు లేకుండా దూరాడు. వెంట్రుకవాసిలో బతికాడు."

ఫెర్మీన్ డ్రైవరు సీట్లో కూర్చుని విన్నాడు. రెండు స్పీకర్లూ శుభ్రంగా పాడుతున్నాయి. దిగి కాసేపు గడ్డం గోక్కున్నాడు.

"మీరొకసారి సీట్లో వెనక్కి తిరిగి కూర్చోండి."

"నాకు పిచ్చనుకున్నావా?"

"ఒక్క నిమిషం."

అనస్తాసియో సణుక్కుంటూ సీటు మీద మోకాళ్ళేసి వెనక్కి తిరిగాడు. మరుక్షణం కేక పెట్టాడు. "ఇదేం మాయరా! ఎడమది పాడుతోంది, కుడిది చచ్చింది!"

డ్రైవర్లు పొట్టలు పట్టుకుని నవ్వారు. బ్లాసిదా కూడా నవ్వింది. ఫెర్మీన్ మాత్రం నవ్వలేదు.

"ఇది వైరు పని," అన్నాడు గంభీరంగా. "నడిపి చూస్తే గాని తేలదు. జరగండి, నేను నడుపుతా."

బస్టాండులో రొట్టెలివ్వాల్సి ఉండి బ్లాసిదా వెనక సీటెక్కింది. వీధి మలుపు తిరగ్గానే ఫెర్మీన్ అద్దాలెత్తి రేడియో కట్టేశాడు.

"ఈ మధ్య చెవికేమైనా అయిందా?"

"చలికాలంలో పోటొచ్చింది. తగ్గింది. నా చెవితో నీకేం పని?"

"స్పీకరు బాగానే ఉందండీ. వినపడనిది మీ ఎడమ చెవికి."

అనస్తాసియో వెనక సీటు వైపు ఓసారి చూశాడు. గొంతు తగ్గించి అన్నాడు. "ఇది బయటికి పొక్కితే నా టాక్సీ ఎవడెక్కుతాడు?"

"ఎవరు చెబుతారు? న్యా బ్లాసిదా, మీరేమైనా విన్నారా?"

"ఈ రేడియో మోతలో నాకేం వినపడుతుంది!" అంది బ్లాసిదా.

ఇన్నేళ్ళూ ఈ ఊరి తిప్పుడంతా పిచ్చి అనుకుంది ఆవిడ. అద్దాలెత్తిన కారు కాకపోతే ఇలాంటి మాట ఇంకెక్కడ చెప్పగలడు?

బస్టాండు వెనక ఆరోగ్యకేంద్రం ముందు కారాగింది. నర్సు చెవిలో చూసి, పట్టకారు పెట్టి, నల్లబడిన దూది ఉండొకటి బయటికి లాగింది. చలికాలంలో పోటుకని పెట్టుకుని మరిచిపోయిన దూది.

"నొప్పిగా ఉందా తాతా?" అంది.

"అలా అరుస్తావేమమ్మా?" అని ఉలిక్కిపడ్డాడు అనస్తాసియో.

తిరిగి వచ్చేసరికి డ్రైవర్లు కాచుకుని ఉన్నారు. "ఏం పోయిందట?"

ఫెర్మీన్ నోరు తెరిచేలోపే బ్లాసిదా అందుకుంది. "వైరు."

"ఏ వైరు?"

"చెబితే నీకర్థమవుతుందా? ఎడమ నుంచి కుడికి పోయేది."

అనస్తాసియో రేడియో పెట్టుకుని, అదిరిపడి, సగానికి తగ్గించి, హుందాగా వెళ్ళిపోయాడు. నవ్విన డ్రైవర్లలో ఒకడు మాత్రం కాసేపు అటూ ఇటూ తచ్చాడి, మెల్లగా ఫెర్మీన్ దగ్గరికొచ్చాడు.

"అన్నా, నా కార్లో కూడా కుడి స్పీకరు కాస్త తక్కువగానే వినపడుతోంది."

"ఎప్పట్నుంచి?" అంటూ ఫెర్మీన్ చేతులు తుడుచుకుని అతని కారెక్కాడు.