మూడు మెట్లు కింద

మా టోంగా పల్లె చర్చిలో సాధనకు పాటలు వినిపించే టాబ్లెట్ ఫానే చేతిలో ఉంటుంది. అందరికంటే ముందు గొంతెత్తేది ఆమె మేనత్త లోసలీన్. మేనత్త మాటకు ఇక్కడ కన్నతండ్రి కూడా ఎదురు చెప్పడు. ఓడ పనిలో నేను తిరిగిన ఏ రేవులోనూ, చదివిన ఏ పుస్తకంలోనూ అంతటి అధికారం చూడలేదు.

మూడేళ్లుగా అత్త గొంతు పైస్థాయి అందుకోవడం లేదు. ఫానే ఎవరికీ చెప్పకుండా రికార్డింగుల శ్రుతిని ఏడాదికో మెట్టు దించుతూ వచ్చింది. వచ్చే ఆదివారం పెద్ద సభలో మాత్రం బ్యాండు వాయిస్తుంది. బాకాల శ్రుతి దించడం టాబ్లెట్ వల్ల కాదు. ఈ రోజు పాటను అసలు శ్రుతిలోనే పెట్టేయాలనుకునే ఫానే సాధనకు వచ్చింది.

"ఇంకా కిందికైతే చాప కింద దూరి పాడాలమ్మా," అన్నాడు మంద్రంలో పాడే విలియామి.

"ముసలాడివయ్యావు, నీకు ఊపిరి చాలడం లేదు. నా గొంతు చూడు, పెళ్లినాటిదే," అంది అత్త. అందరూ నవ్వారు.

"అత్తా, బ్యాండు వాళ్లు..."

"వాళ్లు నా వెనకే వస్తార్లే. నువ్వు పాట పెట్టవే."

ఫానే దించిన పాటనే పెట్టింది. అత్త కళ్లు మూసుకుని హాయిగా పాడింది. ఆదివారానికి ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి.