బుచ్చిరాములు నమ్మిన బజారు

మహారాష్ట్రలోని భివండిలో, నార్పోలి పేటలో బుచ్చిరాముల్ని ఎరగని తెలుగువాడు లేడు. సాంచాలు, అంటే మరమగ్గాలు, ఎక్కువగా ఉండి కాదు, నోరు ఎక్కువగా ఉండి. చాయ్ బండి దగ్గర ఎవరైనా సర్కారు మనకేమీ చేయలేదని మొదలుపెడితే చాలు, గ్లాసు పక్కన పెట్టి అందుకునేవాడు.

"సర్కారు చేతులు కట్టుకోని కూసుంటేనే మంచిగుంటది. కొనేటోడు ఉన్నడు, అమ్మేటోడు ఉన్నడు. నడుమ ఇంకొకడెందుకు?"

ఆ నమ్మకం ఊరికే రాలేదు. వేములవాడ దగ్గరి పల్లె నుంచి తండ్రి వెంట భివండి వచ్చి, పరాయివాళ్ల కార్ఖానాలో ఏళ్ల తరబడి సాంచా నడిపాడు. లైసెన్సుల కాలం పోయి, పాలిస్టర్ నూలు చవకై, ఎవరికి చేతనైనంత వాళ్లు నేసుకోవచ్చన్న రోజులు వచ్చినప్పుడు, మూతపడ్డ మిల్లు అమ్మేసిన పాత సాంచాలు కొని, కిరాయి షెడ్డులో బిగించుకున్నాడు. కూలివాడు సేటయ్యాడు. భార్య యమునాబాయి మెడలోకి పుస్తెలతాడు వచ్చింది, కొడుకు భూషణ్ మరాఠీ బడిలో చదువుకున్నాడు. వ్యాపారం చేసుకునేవాడి దారికి అడ్డం రామని, ధర్మాన్నీ దేశాన్నీ నిలబెడతామని చెప్పే పార్టీకి బుచ్చిరాములు మనిషైపోయాడు. ఎన్నికలొస్తే తెలుగువాళ్లుండే కామత్‌ఘర్ గల్లీలన్నీ తనే తిరిగేవాడు. కరెంటు పంపిణీ ప్రైవేటు కంపెనీ చేతికి పోయిననాడు జిలేబీ పంచాడు.

ఆయన దగ్గర సాంచా నడిపేవాళ్లలో పాతవాడు నర్సింహులు. ఊళ్లో గుంటెడు భూమి కూడా లేక వలస వచ్చినవాడు. ఒకసారి పనివాళ్లంతా అతన్ని ముందు పెట్టుకుని వచ్చి, పీఎఫ్ వచ్చేలా రిజిస్టర్లో తమ పేర్లు రాయమని అడిగారు.

"గిది సర్కారు నౌకరీ కాదు నర్సింహులూ," అన్నాడు బుచ్చిరాములు. "బజార్ల ఎట్ల నడుస్తదో గట్లనే. నచ్చకపోతే పక్క షెడ్డుకు పో."

నర్సింహులు పోలేదు. పక్క షెడ్డులోనూ పేర్లు రాయరు.

తర్వాత కాలం తిరగబడింది. ఫలానా రోజున అని చెప్పడానికి లేదు. నోట్లు రద్దయినప్పుడు కొన్ని షెడ్లు మూతపడ్డాయి, కొత్త పన్ను వచ్చినప్పుడు మరికొన్ని. దేశం బయటి నుంచి వచ్చే గుడ్డ, ఇక్కడ నూలు కొనే ధరకే దిగుతోందని వ్యాపారులు చెప్పసాగారు. బుచ్చిరాములు మొదట రాత్రి షిఫ్టు ఆపాడు, తర్వాత సగం సాంచాలు ఆపాడు. అయినా చాయ్ బండి దగ్గర మాట మార్చలేదు. గొంతు మాత్రం తగ్గించాడు.

ఒక వేసవిలో భివండి సేట్లంతా కార్ఖానాలు బంద్ పెట్టి, ముంబైలో పార్టీ నాయకుణ్ని కలవడానికి బయలుదేరారు. పార్టీ మనిషి కదా అని బుచ్చిరాముల్నే మాట్లాడమన్నారు. ఆయన లేచి, బయటి గుడ్డ మీద పన్ను పెంచాలనీ, కరెంటుకు సర్కారే రాయితీ ఇవ్వాలనీ హిందీలో చెప్పుకుంటూ పోయాడు. చెబుతూ చెబుతూ మధ్యలో తడబడ్డాడు. ఇవే మాటలు ఇంకొకరంటే తను ఎంత ఎగతాళి చేసేవాడో గుర్తొచ్చింది. నాయకుడు మర్యాదగానే విన్నాడు, చాయ్ ఇప్పించాడు, చూద్దామన్నాడు.

అక్కడి నుంచి ఏమీ రాలేదు. షెడ్డు యజమాని మాత్రం వచ్చాడు. పక్కవాళ్ల జాగాలతో కలిపి గోడౌన్ కడతాడట, ఖాళీ చేయమన్నాడు. అప్పటికే ఒక గోడౌన్లో సూపర్వైజరుగా ఉన్న భూషణ్ తండ్రికి నచ్చజెప్పాడు.

"బస్ ఆతా, ఇగ చాలు బాపు. ఇగ గీ మషీన్లు ఎవరు కొంటరు? భంగార్‌కి ఇచ్చేయ్."

పాత ఇనుము కొనే భంగార్ వాళ్లు సాంచాలు పగలగొట్టడానికి సుత్తులతో వచ్చారు. పోత ఇనుము గట్టిదే కానీ దెబ్బకు పెంకులా విరుగుతుంది. సగం నేసి ఆగిపోయిన గుడ్డను నర్సింహులు కోసి, మడతపెట్టి పక్కన ఉంచాడు. ఆ రోజు అతనికి పని లేదు, ఎవరూ పిలవనూ లేదు.

"ఒక సాంచా తీస్కపోరాదు నర్సింహులూ," అన్నాడు బుచ్చిరాములు, ఇంకేమనాలో తెలియక.

"ఏడ పెట్టుకోవాలె సేటు? కిరాయి ఖోలీల మేం పండుకునుడే వంతుల మీద."

మర్నాడు బుచ్చిరాములు కొడుకు పనిచేసే గోడౌనుకు వెళ్లాడు. నర్సింహులుకు పని ఇమ్మని లేబర్ కాంట్రాక్టరును అడిగాడు. కాంట్రాక్టరు కుర్రవాడే, మంచిగానే మాట్లాడాడు. వయసు ఎక్కువైనా భూషణ్ తండ్రి అడిగాడు కాబట్టి తీసుకుంటానన్నాడు. రోజు కూలీ, వచ్చిన రోజే లెక్క.

"పేరు రాస్కోవా మరి?" అని అడిగాడు బుచ్చిరాములు. "పీఎఫ్ గిట్ల కట్టవా?"

"మీరు కట్టిండ్రా కాకా?"

కుర్రవాడు వెక్కిరించలేదు, నిజంగానే అడిగాడు. పక్కనే నిలబడ్డ భూషణ్ ఫోన్ చూసుకోసాగాడు. బుచ్చిరాములు "రేపటి సంది పంపిస్త," అని వచ్చేశాడు.

నర్సింహులు వానాకాలం దాకా పెట్టెలు మోశాడు. నడుం పట్టేసింది. మానేసి ఊరికి బయలుదేరితే, కరీంనగర్ బస్సు ఎక్కించడానికి బుచ్చిరాములు కామత్‌ఘర్ దాకా వెళ్లాడు. సంచీ తనే పైకి అందించాడు. ఊళ్లో ఏం చేస్తావని అడగబోయాడు. "నువ్వేం చేస్తవ్ సేటు?" అని నర్సింహులే ముందుగా అడిగాడు.

"సేటు ఏంది ఇంకా," అన్నాడు బుచ్చిరాములు. బస్సు కదిలింది.

మొన్నటి ఎన్నికలకు పార్టీ వాళ్లు ఇంటికొచ్చారు. గల్లీల్లో తిరగడానికి రమ్మన్నారు. మోకాళ్లు నొస్తున్నాయన్నాడు. వాళ్లు వెళ్లాక యమునాబాయి తలెత్తకుండానే అడిగింది.

"ఓటన్న ఏస్తవా మరి?"

"ఏస్త. ఇంకెవలున్నరు?"

ఆమె ముందు రెడీమేడ్ చొక్కాల కట్ట ఉంది. కుట్టు చివర వేలాడే దారాలు కత్తిరించే పని, షెడ్డు పోయినప్పటి నుంచి ఇంటికే తెచ్చుకుంటోంది. బుచ్చిరాములు ఒక చొక్కా అందుకుని అలవాటుగా గుడ్డను వేళ్ల మధ్య నలిపి చూశాడు. ఎక్కడ నేసిందో తెలియలేదు. రెండో కత్తెర ఎక్కడుందని అడిగాడు. ఆమె చూపించింది. కిటికీ పక్కకు జరిగి, చొక్కాను వెలుతురుకు తిప్పుకుని, ఆయన కాలరు దగ్గరి దారం కత్తిరించాడు.