ట్రయలత్తయ్య కుట్టిన కోటు

ట్రయలత్తయ్య మొగుణ్ణి బంగాళాదుంపల కోల్డ్ స్టోరేజీలో పెట్టి తాళం వేసిందని వీధంతా చెప్పుకున్నారు. మొదలుపెట్టింది అక్కడ మూటలు మోసేవాళ్ళు. వీధి మొదట్లో మావయ్యకి పళ్ళు కొట్టుకున్నాయి, వీధి మధ్యలో ఒళ్ళు నీలం తిరిగింది, వీధి చివరికి చేరేసరికి ఆయన్ని గునపంతో పెకలించి తీశారు.

నమ్మినవాళ్ళని అనడానికి లేదు. అత్తయ్య దర్జీ. ట్రయల్ వెయ్యకుండా లోకంలో దేన్నీ నమ్మదు. కొత్త పాంటు కుట్టించుకున్న కానిస్టేబులుని వీధి చివరిదాకా పరుగెత్తి రమ్మంది.

"దొంగ కనబడితే అప్పుడు పరిగెడతాలే అత్తయ్యా!"

"అప్పుడు కుట్టు విడిపోతే దొంగ ఆగుతాడా నాయనా? కానీ, కానీ!"

పాపం అతను పరుగెత్తాడు. ఎదురుగా వస్తున్న ఓ పెద్దమనిషి ఎందుకైనా మంచిదని రెండు చేతులూ పైకెత్తేశాడు.

మావయ్యనీ వదిలిపెట్టలేదు. ఆయన వాచీలు బాగుచేస్తాడు. వయసులో ఉన్నప్పుడు, నన్ను చేసుకుంటావా అని ధైర్యం చేసి అడిగితే, అత్తయ్య ఔననలేదు, కాదనలేదు. ఇంట్లో ఆగిపోయిన గోడగడియారం తెచ్చి చేతిలో పెట్టింది. గడియారం బాగుపడలేదు. కానీ విప్పిన మరలన్నీ ఆయన గుడ్డ మీద వరసగా పేర్చుకోవడం చూసి, "సరే, ముహూర్తం చూసుకోండి" అంది. ఆ గడియారం ఇప్పటికీ నడవదు. ట్రయల్ గడియారానికి కాదట.

ఆ రోజు నుంచీ మావయ్య కంటికి బుడ్డి అద్దం తగిలించుకుని, గోరంత చక్రాలు చూస్తూనే తల నెరిపించుకున్నాడు. ఎదురుగా ఎప్పుడూ జానెడు దూరం. ఓసారి ఎవరో వాచీ చుట్టి తెచ్చిన రంగుల ప్రకటన కాగితం దొరికింది. చలిదేశంలో పెద్ద నది, అటూ ఇటూ కొండలు, మధ్యన మెల్లగా పోయే ఓడ. వారంపాటు ఓడలోనే తిండీ నిద్రా. ఆ కాగితంలోని కొండల్ని కూడా ఆయన అద్దం పెట్టుకునే చూశాడు.

"ఏమిటంత తీక్షణంగా?" అంది అత్తయ్య కత్తెర ఆపి.

"ఏం లేదోయ్. ఒక్కసారి... అద్దం లేకుండా దూరం చూడాలని ఉంది."

అత్తయ్య మళ్ళీ కత్తెర ఆడించింది. కొన్నాళ్ళకి రెండు టిక్కెట్లు తెచ్చి, ఆయన బల్ల మీద చిన్న స్క్రూల పక్కన పెట్టింది.

చిక్కల్లా మావయ్య ఛాతీతోనే వచ్చింది. చల్లగాలి తగిలితే చాలు, ఉబ్బసం పిల్లికూతలు కూస్తుంది. డాక్టరు వెళ్ళమనీ అనలేదు, మానమనీ అనలేదు. నోట్లో కొట్టుకునే మందు పంపు దగ్గరుంచుకుని, మెడా ఛాతీ వెచ్చగా కాచుకోగలిగితే వెళ్ళవచ్చు, లేకపోతే టిక్కెట్లు వాపసు ఇచ్చెయ్యడమే మంచిదన్నాడు.

"అయితే ట్రయల్ వెయ్యాల్సిందే" అంది అత్తయ్య. మావయ్య టిక్కెట్ల వంక చూసుకున్నాడు. ట్రయల్లో దగ్గు వస్తే నది పోయినట్టే.

ముందుగా ఓడలో గది ఎంతుంటుందో కనుక్కుని, ఇంట్లో గచ్చు మీద దర్జీ సుద్దతో అంత గీత గీసింది. ఇది మంచం, ఇది కిటికీ, ఇది స్నానాలగది తలుపు. మొగుడూ పెళ్ళాలిద్దరూ ఆ గీతల్లోనే మసిలారు. మావయ్య నిద్రలో కాలు చాపితే, "ఏమండీ, కాలు గోడలోంచి బయటికొచ్చింది" అని లేపేది.

ఆయన్ని మాన్పించడానికి మావయ్య అక్కగారు ఊడిపడింది.

"ఒరే తమ్ముడూ, నీ ఊపిరికి ఈ వయసులో ఓడలేమిట్రా? అదంటే సరే, నీ బుద్ధేమైంది?"

"వదినగారూ," అంది అత్తయ్య కంగారుగా, "కాస్త ఇటు జరగండి. మీరు నదిలో నిలబడ్డారు."

ఆవిడ అదిరిపడి గీత లోపలికి గెంతింది. తరవాత ఎందుకు గెంతానా అని ఆవిడకే కోపం వచ్చింది.

ఆపైన పెట్టె వంతు. సర్దడం, మావయ్య చేత వీధిలో ఈడ్పించడం, మెట్లెక్కించడం, ఆయాసం వస్తే తెరిచి ఒకటి తీసెయ్యడం. చొక్కాలు సగమయ్యాయి, ఇస్త్రీపెట్టె పోయింది, అక్కగారిచ్చిన మూడు చెంబులూ పోయాయి. ఉన్ని మేజోళ్ళని మాత్రం ముట్టుకోనివ్వలేదు.

ఇక కోటు. దళసరి ఉన్నిగుడ్డ, లోపల మెత్తటి అస్తరు. అది తొడిగి మావయ్యని కోల్డ్ స్టోరేజీకి తీసుకెళ్ళింది. అక్కడి మేనేజరు చొక్కాలన్నీ కుట్టేది ఆవిడే కాబట్టి అతను కాదనలేదు. కాదనకపోయినందుకు అతని చేతికి టేబుల్ ఫ్యానొకటి వచ్చింది.

"ఈ చలి చాలదా అత్తయ్యా? ఫ్యానెందుకు?"

"నది మీద గాలుండదూ? ఊ, పెట్టు. కాస్త వారగా. ఓడ వంపు తిరుగుతోంది."

మావయ్య బంగాళాదుంపల బస్తా మీద కూర్చున్నాడు. ఎదురుగా గోడంత ఎత్తున బస్తాలు. వాటినే కొండలనుకున్నాడు. కోటు నిజంగా వెచ్చగా ఉంది. ఇంకాసేపు, ఇంకాసేపు అని ఊపిరి జాగ్రత్తగా, వాచీలో వెంట్రుకంత తీగ అమర్చినట్టు, లోపలికీ బయటికీ తిప్పుకున్నాడు. ఇంతలో ఎక్కడినుంచో సన్నటి గాలి మెడ మీదుగా పాకింది. ఆపుకున్నాడు. బుగ్గలు పూరించాడు. కళ్ళు ఎర్రబడ్డాయి. చివరికి దగ్గు బస్తాలన్నీ మార్మోగేలా తన్నుకొచ్చింది.

అత్తయ్య మందు పంపు నోటికందించి, ఆయన్ని బయట ఎండలోకి తీసుకొచ్చింది. పిల్లికూతలు సద్దుమణిగేదాకా వీపు నిమిరింది.

"అయిపోయిందిగా," అన్నాడు మావయ్య నేలచూపులు చూస్తూ. "టిక్కెట్లు వాపసిచ్చెయ్. నేను ఫెయిలయ్యాను."

"మీరెందుకు ఫెయిలవుతారు? కోటు ఫెయిలయింది."

"దగ్గింది నేను కదటోయ్!"

"బాగుంది! చొక్కా బిగుతైతే చొక్కా విప్పి కుడతామా, మనిషిని కోస్తామా? ఇన్నేళ్ళ కాపురంలో ఆమాత్రం తెలుసుకోలేదూ! కదలకండి." చెవి వెనక నుంచి సుద్ద తీసి కాలరు కింద గీత పెట్టింది. "గాలి ఇక్కడ దూరుతోంది. నా అనుమానం నిజమే."

ఫ్యాను మోసుకుంటూ వెనకే వచ్చిన మేనేజరు, "ఎంతైనా నిన్నటికంటే నయం మావయ్యా! నిన్న అత్తయ్యకి తుమ్ములు ఆగితేనా!" అన్నాడు.

"నిన్నేమిటి?"

"అదేమిటి, మీకు తెలీదా? మధ్యాహ్నమైతే చాలు, ఆ కోటు వేసుకుని వచ్చి ఆ బస్తా మీదే కూర్చుంటోంది. కోటు చేతులు మోకాళ్ళ దాకా వేలాడుతుంటే మావాళ్ళు జడుసుకున్నారు కూడా!"

మావయ్య పెళ్ళాం వంక చూశాడు. గుండీల కోసం బజారుకెళ్ళొస్తానని చెప్పి వెళ్ళేది మరి.

"అలా చూస్తారేం?" అంది అత్తయ్య సుద్ద దులుపుకుంటూ. "ముందే మిమ్మల్ని కూర్చోబెడితే ఆ చలి మీకు పడద్దూ? భుజాలూ ఛాతీ నేనే చూసేశాను. మెడ ఒక్కటే మిగిలింది. నా మెడ సన్నం, దాంతో లెక్క తేలలేదు. మీ మెడ కావాల్సొచ్చింది."

కాలరు రెండు వేళ్ళెత్తు పెరిగింది. గొంతు ముందు అడ్డంగా మూసుకునే పట్టీ ఒకటి వచ్చింది. మళ్ళీ బస్తా, మళ్ళీ ఫ్యాను. ఈసారి మావయ్య దగ్గలేదు సరికదా, కాసేపటికి చిన్న కునుకు తీశాడు. ఫ్యాను పట్టుకున్న మేనేజరే గజగజలాడుతూ, "అత్తయ్యా, నది ఇంకా ఎంతుంది?" అని అడిగాడు.

నిజం నది దానికన్నా చాలా పొడుగు. మావయ్య పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఓడ పైఅంతస్తులో నిలబడి, దూరంగా ఉన్న కొండని చూసి, అది దగ్గరికి రాగానే దాన్ని వదిలేసి ఇంకా దూరంగా ఉన్నదాన్ని చూశాడు. కోటు బాగుందని తోటి ప్రయాణికుడెవరో సైగ చేస్తే, ఎదటివాడికి భాష రాదని తెలిసికూడా, "మా ఆవిడ కుట్టింది. ఎక్కడా గాలి దూరదు, కావలిస్తే చూసుకో" అని మెడ చాపాడు. ఆ పక్కనే అత్తయ్య మరొకాయన చేత చేతులు పైకెత్తించి, చంకలో కుట్టు ఎక్కడ బిగిసిందో చూస్తోంది.

వాళ్ళు తిరిగొచ్చినా వీధిలో మాట మాత్రం మారలేదు. తాళం వేసిందనే అంటారు. ఆ గది తలుపుకి తాళమే లేదు, లోపలివైపు ఒక గడియ ఉంది. మావయ్య బస్తా మీద కూర్చున్నంతసేపూ అత్తయ్య, ఒంటి మీద ఉత్త నూలు శాలువతో, ఒక చెయ్యి ఆ గడియ మీదా, రెండో చెయ్యి మందు పంపు మీదా ఉంచుకుని తలుపు దగ్గర నిలబడే ఉంది.