పిలిచిన ఊళ్ళకు సెనోబియా ప్రయాణం

లా పాస్ బస్ స్టాండులో సెనోబియా కాలిసాయా గొంతు ఎరగని డ్రైవరు లేడు. దక్షిణం వైపు వెళ్ళే బస్సుల ముందు నిలబడి ఊరి పేరు పిలవడం ఆమె పని. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అదే పని. ఒరూరో అనే పేరును నోట్లో ఎక్కడా ఆపకుండా గిర్రున తిప్పేది. పొటొసీని చివర్లో పైకి విసిరేది. తరీహాను మాత్రం నడుమ సాగదీసి సాగదీసి, ఆఖరి అక్షరం దగ్గర ఊపిరంతా వదిలేసేది. ఆ పిలుపు విని, ఎక్కడికి వెళ్ళాలో ఇంకా తేల్చుకోనివాళ్ళు కూడా బస్సెక్కేవారని డ్రైవర్లు నవ్వుకునేవారు.

ఆమె మాత్రం ఒరూరో దాటి అడుగు పెట్టలేదు. "తరీహా ఎలా ఉంటుందమ్మా?" అని ఎవరైనా అడిగితే, "వెచ్చగా ఉంటుంది, ద్రాక్షపళ్ళు దొరుకుతాయి, ఎక్కండి ఎక్కండి" అనేది. అదంతా డ్రైవర్లు చెప్పగా విన్నదే. భర్త చిన్న వయసులోనే పోయాడు. ఇద్దరు ఆడపిల్లలను పెంచి పెద్ద చేసింది. వెళ్ళకూడదని ఎప్పుడూ అనుకోలేదు. రేపు పొద్దున్నే బస్సు పిలవాలి కదా అనుకుంటూ ఉండగానే ఏళ్ళు గడిచిపోయాయి.

ఒక ఫిబ్రవరి ఉదయం ఆమె నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. డాక్టరు గొంతులోకి దీపం వేసి చూశాడు.

"పార పట్టినవాళ్ళకు చేతుల్లో కాయలు కాస్తాయి చూడు, నీకు గొంతులో కాశాయమ్మా. యాభై రోజులు మాట్లాడకూడదు. గుసగుసలు కూడా వద్దు, అవి ఇంకా చెరుపు."

బస్ స్టాండు గుమ్మంలో ఊదారంగు మొక్కజొన్న గంజి అమ్మే బసీలియా ఈ మాట విని నడుం మీద చేయి వేసుకుంది. "నువ్వు యాభై రోజులు నోరు మూసుకుంటావా? ఊరి ఎదురుగా ఉన్న ఆ కొండ మీది మంచు మొత్తం కరిగిపోయిందన్నా నమ్ముతాను గానీ ఇది నమ్మను. ఇంట్లో కూర్చుంటే కుండలతోనైనా మాట్లాడతావు. ఎక్కడికైనా పో. తెలియనివాళ్ళ మధ్య నోరు దానంతటదే మూతపడుతుంది."

బస్సుల యజమాని కూడా అదే అన్నాడు. "ఈ బస్సులు నిండింది నీ పిలుపుతో. ఏ బస్సు కావాలంటే ఆ బస్సులో కూర్చో. నిన్ను టికెట్టు అడిగేవాడెవడు?"

సెనోబియా చారల దుప్పటి పరిచి అందులో ఉన్ని శాలువా, ఒక పళ్ళెం, జున్ను, ఎండబెట్టిన బంగాళాదుంపలు పెట్టి మూట కట్టి వీపుకు వేసుకుంది. మాటలకు బదులుగా పిల్లల నోటుపుస్తకం ఒకటి మెడలో వేలాడేసుకుంది. బస్సు దగ్గర ఎత్తైన సంచులు వీపున మోస్తున్న విదేశీ కుర్రవాళ్ళు ఇద్దరు ఆమె మూట వంక చూశారు. ఆమె వాళ్ళ సంచుల వంక చూసింది. ముగ్గురూ నవ్వుకున్నారు.

ఒరూరో దాటిన తరువాత ప్రతి మలుపూ కొత్తే. ఒకచోట లోతులేని నీటి మడుగు అంచున ఎవరో గులాబీ రంగు బట్టలు ఆరేసుకున్నారనుకుంది. ఇంత దూరంలో, ఇల్లూ వాకిలీ లేనిచోట ఎవరు ఉతికారా అని ఆలోచిస్తుండగానే ఆ బట్టలన్నీ ఒక్కసారిగా లేచి ఎగిరిపోయాయి. సెనోబియా పక్క సీటులోని ముసలావిడ మోచేయి గట్టిగా పట్టుకుంది.

"కొంగలే తల్లీ," అంది ముసలావిడ. "ఎప్పుడూ చూడలేదా?"

సెనోబియా తల అడ్డంగా ఊపింది.

"ఈ వయసుకైనా చూశావు. నయమే," అని ఆవిడ ఒక పలచటి రొట్టె ఆమె ఒళ్ళో పెట్టింది.

పొటొసీలో ఎర్రటి కొండను చూస్తూ చాలాసేపు నిలబడింది. పేరు అంటే నోటితో అనేదనే ఇన్నాళ్ళూ ఆమె అనుకుంది. ఆ పేరు కింద ఇంత కొండ ఉంది. ఆ కొండ కింద వీధుల్లో బట్టలు ఆరేసుకునేవాళ్ళు, బళ్ళకు పరిగెత్తే పిల్లలు, కూరల కోసం బేరమాడే ఆడవాళ్ళు ఉన్నారు. ఆమె రోజుకు రెండు వందల సార్లు పిలిచినా వీళ్ళెవరికీ వినబడలేదు. వీళ్ళ బతుకు వీళ్ళు బతుకుతూనే ఉన్నారు. ఆ సంగతి ఆమెను కదలనివ్వలేదు.

తరీహా బస్సు కోసం స్టాండుకు వచ్చేసరికి ఒక ముసలాయన టోపీ వెనక్కి నెట్టుకుని "లా పాస్, లా పాస్" అని పిలుస్తున్నాడు. సెనోబియా ఆగిపోయింది. తన ఊరిని ఇంకొకరు పిలవగా ఆమె ఎన్నడూ వినలేదు. ఎక్కడో దూరాన, ఎత్తున ఉన్న మహానగరంలా తోచింది. అక్కడికి వెళ్ళాలనిపించింది.

"లా పాసా అమ్మా? ఎక్కు, బయల్దేరుతోంది," అన్నాడు ముసలాయన.

ఆమె నోటుపుస్తకంలో వంకర అక్షరాలతో రాసి చూపించింది: నేనూ పిలిచేదాన్నే. అక్కడ.

ఆయన కాగితాన్ని దూరంగా పెట్టి చదివి, టోపీ తీసేశాడు. "ఏమయింది గొంతుకు?"

ఆమె మెడ మీద వేలితో చిన్న ఉండలు చూపించింది.

"నాకూ వచ్చాయి, రెండుసార్లు. నీకేం తల్లీ, పొటొసీ అని పిలుస్తావు, ఎటు కావాలంటే అటు సాగుతుంది. నేను పిలిచే ఊరు చూడు, లా పాస్. మొదలెడితే అయిపోతుంది. పట్టుకోడానికి ఏముంది అందులో? నలభై ఏళ్ళుగా ఆ 'పా'ను పట్టుకుని వేలాడుతున్నాను."

సెనోబియా చప్పుడు లేకుండా భుజాలు కదిలేలా నవ్వింది. ఆయన ఆమెను తరీహా బస్సు దాకా దిగబెట్టి, డ్రైవరుతో అన్నాడు: "ఇలారియోన్, ఈవిడ మనవాళ్ళ మనిషి. కిటికీ సీటు ఇయ్యి."

ఇలారియోన్ తెహెరీనా తరీహావాడు. ఆ ఊరివాళ్ళందరిలాగే మాటను పాటలా సాగదీస్తాడు. "దోన్యా సెనోబియా, నువ్వా! ఇరవై ఏళ్ళుగా నువ్వు పిలిస్తేనే కదత్తా నేను ఇంటికి పోయేది," అన్నాడు, పెద్దావిడలను పిలిచే 'దోన్యా' అనే మర్యాద మాట చేర్చి.

మధ్యాహ్నం దాటాక బస్సు చివరి కనుమ ఎక్కింది. అక్కడ కొండచరియ విరిగి రోడ్డు మీద పడి ఉంది. అవతలి వైపు ఇంకొక బస్సు వచ్చి ఆగిందని, జనం మూటలు మోసుకుని మట్టి దిబ్బ మీదుగా నడిచి దాటాలని చెప్పారు. అందరూ దిగారు. ఇలారియోన్ దారి చూడడానికి ముందుగా దాటి వెళ్ళాడు. ఇంతలో లోయలోంచి పొగమంచు పైకి వచ్చి, చాచిన చేయి కూడా కనిపించకుండా కమ్మేసింది.

సెనోబియా వీపు మీది మూట బిగించుకుని నాలుగడుగులు వేసింది. ముందున్నవాళ్ళు మాయమయ్యారు. వెనకనున్నవాళ్ళ మాట వినబడుతోంది గానీ ఏ వైపు నుంచో తెలియడం లేదు. ఒక పక్క లోయ ఉందని తెలుసు. అడుగు ఎటు వేయాలో తెలియలేదు. నోరు తెరవబోయి, డాక్టరు మాట గుర్తొచ్చి మూసుకుంది.

అప్పుడు మంచులోంచి ఒక పిలుపు వచ్చింది. "తరీ-ఈ-ఈ-ఈ-హా!" నడుమ సాగి సాగి, చివర ఊపిరి వదిలేసిన పిలుపు. మొగగొంతు, కాస్త అపశ్రుతి. కానీ తీరు ఆమెదే. ఇలారియోన్‌కు ఇంకో విధంగా పిలవడం రాదు మరి.

దారి తెలియని మనిషికి ఆ పిలుపు ఎలా వినబడుతుందో ఆమెకు ఇన్నేళ్ళలో తెలియలేదు. ఎవరో చేయి పట్టుకుని నడిపించినట్టు ఉంది. నలువైపుల నుంచీ అడుగుల చప్పుడు అటే మళ్ళింది. ఆమె కూడా ఆ గొంతు వెంట, మట్టిలో జారుతూ, మూటను మోచేతులతో ఒత్తి పట్టుకుని నడిచింది. దాటాక ఇలారియోన్ ఆమెను చూసి సిగ్గుపడ్డాడు.

"బాగా పిలవలేదు కదత్తా?"

ఆమె అతని బుగ్గ మీద చేయి వేసి అలాగే కాసేపు ఉంచింది.

అవతలి బస్సు కనుమ దిగడం మొదలెట్టిన కాసేపటికి మంచు విడిపోయింది. కింద లోయంతా పచ్చదనం. పచ్చ రంగులో ఇన్ని రకాలున్నాయని నాలుగు వేల మీటర్ల ఎత్తున పుట్టిన మనిషికి ఎవరు చెబుతారు? ఒక మలుపు దగ్గర శాలువా తీసేసింది. ఇంకో మలుపు దగ్గర లోపలి శాలువా తీసేసింది. గాలి చిక్కగా, తడిగా, పళ్ళ వాసనతో ముక్కులోకి వచ్చింది. దాన్ని పీల్చడం కాదు, తినవచ్చనిపించింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకుంటే ఏమైనా చూడకుండా పోతానేమోనని తుడుచుకోలేదు.

ఇలారియోన్ తల్లి దోన్యా ఎర్మిందా ఇంట్లో పదకొండు రోజులు ఉండిపోయింది. ద్రాక్ష కోతల కాలం. బుట్ట వీపుకు కట్టుకుని తోటలో పనిచేసింది.

"మాట్లాడని చుట్టం రావడం మా ఇంటికి ఇదే మొదలు," అనేది ఎర్మిందా. "నీ ముందు నా కష్టాలన్నీ చెప్పేశాను. గొంతొచ్చాక ఎవరికీ చెప్పకు."

లా పాస్ తిరిగొచ్చాక, యాభై రోజులకు గొంతు వచ్చింది, బొంగురుగా, సగమే. కేకలు వద్దన్నాడు డాక్టరు. యజమాని ఆమెను విచారణ కిటికీలో కూర్చోబెట్టాడు. తరీహా ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే ఆమె ఇప్పుడు చెబుతూ చెబుతూ ఉండిపోతుంది, వెనక వరుస పెరిగిపోతుంది.

ఏటా సెలవు పెట్టి మూట కట్టుకుని ఒక దారి పడుతోంది. నిరుడు ఉత్తరానికి వెళ్ళింది. రెండున్నర రోజులు ఎర్రదుమ్ములో, అడవిలో బస్సు ప్రయాణం. రోడ్డు ఆగిపోయినచోట గ్వయరమెరీన్ అనే ఊరు, ఊరి చివర నది. చెరువులు, వాగులు చూసింది గానీ ఇంత నీరు ఒకే వైపు కదలడం ఆమె ఎన్నడూ చూడలేదు. పడవవాణ్ణి అడిగింది.

"అవతల ఒడ్డున ఏముంది నాయనా?"

"ఇంకో దేశం అవ్వా. బ్రెజిల్."

"అక్కడా బస్సులున్నాయా?"

"ఎందుకుండవు?"

సెనోబియా ఒడ్డున కూర్చుని, మూట విప్పి, జున్ను ముక్క కొరుకుతూ ఆ నీటినే చూస్తూ ఉంది.