ఖర్చీ వచ్చినన్నాళ్ళూ

ఆదివారం పొద్దున్నే మేస్త్రి మా ఇంటికొచ్చి, ఖర్చీ ఇచ్చి, చాయ తాగి పోయేవాడు. ఖర్చీ అంటే వారం తిండికని చేతిలో పెట్టే డబ్బు. అసలు కూలి లెక్క పని ముగిశాకే తేలేది. సెంట్రింగ్ పనివాళ్ళలో ఎవరింటికి ఖర్చీ వస్తే వాళ్ళు పనిలో ఉన్నట్టే. అంతకు మించి కాగితం ఎవరి దగ్గరా ఉండేది కాదు.

ఊరవతల అద్దాల మేడలు లేస్తున్న రోజులవి. తెల్లవారకముందే మేముండే యాప్రాల్ నుంచి లారీలో జనం పనికి వెళ్ళేవారు. అలాంటి ఒక మేడ స్లాబుకు పలకలు బిగిస్తూ మా ఆయన కిందపడ్డాడు. తుంటి విరిగింది. ఆస్పత్రి నుంచి వచ్చాక ఆయనా, మా మనవరాలూ ఒకే గోడ పట్టుకుని నడక నేర్చుకున్నారు. పిల్ల గోడ వదిలేసింది. ఆయన వదల్లేదు.

అయినా ఖర్చీ ఆగలేదు. సగానికి తగ్గింది, అంతే.

"వదినె చాయ తాగితే వాన నీళ్లు తాగినట్లుంటది," అనేవాడు మేస్త్రి.

"ఊకె తాగేటోనికి గదే ఎక్కువ," అనేదాన్ని.

పరిహారం కోసం కంట్రాక్టరు మీద కేసు వేద్దామా అని నేను ఒకసారి అడిగితే మా ఆయనకు కోపం వచ్చింది.

"ఖర్చీ వచ్చినన్ని దినాలు నేను పనోన్నేనే. పనిల ఉండుకుంట కేసెట్ల ఏస్త? ఆగినంక చూస్తం."

మేస్త్రి కూడా, "అవునన్నా, ఆగినంకనే అడుగు. జల్దేముంది?" అన్నాడు. నాకూ అది న్యాయంగానే తోచింది. ఒకవైపు తింటూ మరోవైపు కోర్టుకెక్కడం ఏం మర్యాద?

నేను మారేడ్‌పల్లిలో ఒక వకీలమ్మ ఇంట్లో వంట చేసేదాన్ని. ఆవిడ కోస్తా వైపు మనిషి. మా ఆయన్ని ఆస్పత్రికి తీసుకెళ్ళాలని ఒకరోజు సెలవడిగితే, సంగతంతా విని చేతిలోని కంచం పక్కన పెట్టింది.

"పడి ఎన్నాళ్ళయిందమ్మా?"

"మొన్న బతుకమ్మ పండుగకే రెండేండ్లు నిండినయ్."

"అయ్యో! పడిన రోజు నుంచి రెండేళ్ళలోపు వెయ్యాలి కదమ్మా. ఖర్చీ ఆగాక వెయ్యొచ్చని ఎవరు చెప్పారు నీకు?"

"మేస్త్రి గూడ గట్లనే అన్నడమ్మా. గది అందరికెరుకే."

ఆవిడ నవ్వలేదు. ఆలస్యానికి తగిన కారణం చూపిస్తే లేబర్ ఆఫీసు అధికారి మన్నించవచ్చనీ, ఆగమన్న మాట మేస్త్రి తన నోటితో ఒప్పుకుంటేనే మనకు బలమనీ చెప్పింది. ఫీజు వద్దంది. ఊరికే తీసుకోవడం నాకు అలవాటు లేదు. ఆ నెల ఆవిడ ఇంట్లో పచ్చళ్ళన్నీ నేనే పెట్టాను.

మేస్త్రి దగ్గరికి వెళ్ళాను.

"నేను చెప్తే నా పని ఉంటదా వదినె? నా ఎంబడి ఉన్నోళ్ల సంగతేంది?"

"అబద్ధం చెప్పమంటలేను. జరిగింది చెప్పమంటున్న," అన్నాను. బతిమాలలేదు.

వకీలమ్మే కేసు వేసింది. విచారణ రోజు లేబర్ ఆఫీసులో మా ఆయన గోడ పట్టుకునే నిలబడ్డాడు. కంట్రాక్టరు తరఫు వకీలు, గడువు దాటిన కేసు వినక్కర్లేదన్నాడు. అధికారి మా ఆయన వైపు చూశాడు.

"ఇన్నాళ్ళు ఎందుకు ఆగావు? ఎవరైనా ఆగమన్నారా?"

మా ఆయన తల దించుకున్నాడు. పేరు చెప్తే మేస్త్రి పొయ్యి ఆరిపోతుంది. చెప్పకపోతే మాది. నేను నోరు తెరవబోయేంతలో తలుపు దగ్గర నుంచి వినపడింది.

"నేనే సార్. ఖర్చీ ఇచ్చింది నేనే, ఆగుమన్నది నేనే. గా మనిషి తప్పేం లేదు."

అది రాసుకున్నారు. ఆలస్యాన్ని మన్నించి కేసు తీసుకున్నారు.

బయట మెట్ల మీద మా ఆయన, "ఎందుకొచ్చినవ్‌రా?" అన్నాడు.

"వదినె కంటె గా ఆఫీసరే నయమన్నా. కూసోమన్నడు," అని మేస్త్రి నవ్వి, మా ఆయన చంక కింద చెయ్యి వేసి మెట్లు దింపాడు.

చాలాకాలం నడిచినా, పరిహారం చివరికి వచ్చింది. ఆయన మందులకూ, కూర్చుని చేసుకునే చిన్న కిరాణా దుకాణానికీ అదే ఆధారమైంది. మేస్త్రిని మాత్రం కంట్రాక్టరు సాక్ష్యం చెప్పిన వారమే తీసేశాడు. పని వెతుక్కుంటూ ఎక్కడికో వెళ్ళిపోయాడని విన్నాం.

అతన్ని తీసేశాక వచ్చిన మొదటి ఆదివారం పొద్దున అలవాటుగా ముగ్గురికీ చాయ పెట్టాను. చాయపత్తి కాస్త ఎక్కువే వేశాను. మూడో గ్లాసు పారబోయలేదు. మధ్యాహ్నం దాకా మూతపెట్టి ఉంచి, వేడి చేసుకుని నేనే తాగాను.